సకినాల బట్ట పక్కన బొమ్మల పుస్తకాలు: సంక్రాంతి సెలవుల్లో ఒక ఇంటి కేస్ స్టడీ

పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కుటుంబాలన్నీ పండక్కి ఒకే ఇంటికి చేరాయి. పిల్లలు తొమ్మిది మంది, రెండున్నరేళ్ల పాప నుంచి పదకొండేళ్ల పిల్ల దాకా. ఊరి బడిలో చదివే ఇద్దరు తెలుగు గడగడా చదివేస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన నలుగురిదీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుంటూ చదువుతారు, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతారు. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఇద్దరికి మాట అర్థమవుతుంది, అక్షరం రాదు (అక్కడ జనవరి అంటే వేసవి సెలవులు కాబట్టి పండక్కి రాగలిగారు). నాయనమ్మకు చదువు లేదు. సకినాల (బియ్యప్పిండిని చుట్లుగా చుట్టి నూనెలో కాల్చే సంక్రాంతి పిండివంట) కొలతలన్నీ మాత్రం ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఇంటివాళ్లు కోరినవి రెండు. పిల్లలు కాసేపైనా ఫోన్లు పక్కన పెట్టి తెలుగు బొమ్మల పుస్తకాలు చూడాలి. నాయనమ్మ వంట ఎక్కడైనా రాసి ఉండాలి. ఇలాంటప్పుడు అందరూ వేసే పథకం ఒకటే: పొద్దున పది నుంచి పదకొండు దాకా ‘కథల గంట’. పండగ వారంలో అది రెండో రోజుకే ఆగిపోతుంది. ఆ వారం ఇంట్లో గడియారం మాట చెల్లదు. బియ్యం నానడం, గిర్ని (పిండి మర) దగ్గర వరస, నూనె కాగడం, ఇవే రోజును నడిపిస్తాయి. అందుకని పుస్తకాలకు వేరే సమయం కేటాయించలేదు. వంటలో ఎక్కడెక్కడ ఆగాలో ముందే చూసి, ఆ ఖాళీల్లో పుస్తకం పెట్టాం.

పుస్తకాల ఎంపిక

పాతిక దాకా పుస్తకాలు సరిపోయాయి. తొమ్మిది మందికి యాభై తెస్తే దేన్నీ రెండోసారి తెరవరు. చిన్న పిల్లలకు బొమ్మల పుస్తకం పని చేసేది రెండోసారి, మూడోసారి చదివినప్పుడే. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం నుంచి తెలుగువి తీసుకున్నాం. తెలుగు, ఇంగ్లిష్ ఒకే పేజీలో ఉండే తూలిక ప్రచురణ సంస్థ పుస్తకాలు కొన్ని కలిపాం. మాటలే లేని, బొమ్మలతో మాత్రమే నడిచే పుస్తకాలు కనీసం నాలుగైదు ఉండాలి. చదువు రాని నాయనమ్మ, అక్షరం రాని మెల్‌బోర్న్ పిల్లలు ఒకరికొకరు కథ చెప్పుకోగలిగేది వాటితోనే. ఎవరూ ఎవరి తప్పూ దిద్దే పని ఉండదు.

దొరకనివి ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి ప్రింటు తీశాం. అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. రచయిత, బొమ్మలు వేసినవారి పేర్లున్న పేజీ వదలకుండా ప్రింటు తీసుకుని పంచుకోవచ్చు. కథలు 4 స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయిలో 250 మాటల లోపు, రెండో స్థాయిలో 600 దాకా. హైదరాబాద్ పిల్లలు ఐదో తరగతి కదా అని మూడో స్థాయి ఇస్తే చేతులెత్తేస్తారు. ఇక్కడ తరగతి లెక్క కాదు, తెలుగు ఎంత చదవగలరన్నదే లెక్క. మొదటి, రెండో స్థాయిలే ఎక్కువ తీయాలి.

ప్రింటులో తేడా వచ్చే చోట్లు తెలిసినవే. ఏ4 కాగితానికి రెండువైపులా, బుక్‌లెట్ పద్ధతిలో తీసేటప్పుడు కాగితం పొట్టి అంచు మీద తిరిగేలా పెట్టకపోతే వెనకవైపు బొమ్మలు తలకిందులవుతాయి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి, లేకపోతే చివర ఖాళీ పేజీలు మిగులుతాయి. 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం మీద ఇటు బొమ్మ అటు కనిపిస్తుంది, 100 జీఎస్ఎం తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం: ఇంక్‌జెట్ వద్దు, లేజర్ ప్రింటే తీయించాలి. పండగ ఇంట్లో తడి చెయ్యి తగలని పేజీ ఉండదు. ఇంక్‌జెట్ రంగు ఆ తడికి అలుక్కుపోతుంది.

అట్టలు వేసేటప్పుడు బ్రౌన్ పేపర్ వాడొద్దు. పిల్లలు పుస్తకాన్ని ఎంచుకునేది ముఖచిత్రం చూసి. దాన్ని మూసేస్తే అన్నీ నోటుబుక్కుల్లా ఒకటే అయిపోతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట సరిపోతుంది.

రెండున్నరేళ్ల పాప పుస్తకాన్ని ముందు నోట్లో పెట్టుకుంటుంది. ఆమెకు ప్రింటు తీసిన బొమ్మల్ని పాత అట్టపెట్టె ముక్కల మీద అంటించి, అంచులకు టేపు చుట్టి ఇచ్చాం. అంటించడానికి మైదా ఉడికించిన జిగురు వాడతారు చాలామంది. అది పురుగుల్ని, ఎలుకల్ని పిలిచి మరీ రప్పిస్తుంది. ఫెవికాల్ వాడి, ఒక రోజంతా ఆరనివ్వాలి.

బియ్యం నానబోసిన నాటి నుంచి

సకినాలకు కొత్త బియ్యం మేలు. రాత్రి నానబోసి, పొద్దున నీళ్లు వంచి, బట్ట మీద నీడన ఆరేస్తారు. చేత్తో పట్టి పిడికిలి తెరిస్తే గింజలు రాలిపోవాలి, అరచేతికి చల్లదనం మాత్రం మిగలాలి. ఆ తడి ఉండగానే గిర్నికి పంపాలి. బాగా ఎండితే పిండి పొడిపొడిగా వచ్చి, చుట్టేటప్పుడు తెగుతుంది. పండగ వారంలో గిర్ని ముందు వరస పొడుగ్గా ఉంటుంది కాబట్టి పెద్ద పిల్లలిద్దరితో పుస్తకాలు కూడా పంపాలన్న ఆలోచన వచ్చింది. పంపలేదు. పిండి దుమ్ము పుస్తకం కుట్టులో దూరితే దులిపినా పోదు. ప్రింటు తీసిన పల్చటి పుస్తకమొకటి చేతికిస్తే చాలు, పాడైనా మళ్లీ తీయొచ్చు.

కిలో బియ్యప్పిండికి పావుకిలోకు కాస్త తక్కువ నువ్వులు, రెండు పెద్ద చెంచాల వాము, తగినంత ఉప్పు. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ మెత్తగా కలుపుతారు. ముందు పిండితో గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాత ఉతికిన పాత ధోతి పరచి చుట్టడం మొదలుపెడతారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. ఆ మూడింటి మధ్య నుంచి పిండి సన్నగా మెలితిరుగుతూ బట్ట మీదికి దిగాలి. చిన్న చుట్టుతో మొదలై, దాని చుట్టూ ఇంకోటి, మూడో నాలుగో చుట్లకు ఆపుతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారు. ఒక్కరితో అయ్యే పని కాదిది.

ఈ రెండు మూడు గంటలే మొత్తం సెలవుల్లో పుస్తకానికి దొరికే మేలైన సమయం. పెద్దవాళ్లందరూ ఒకచోట కూర్చుని ఉంటారు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు ఖాళీ. ఫోను పట్టుకోవడానికి వీల్లేదు, వేళ్లన్నీ పిండే. ఇక్కడ పెద్దలు పిల్లలకు చదివి వినిపించడం కుదరదు, పేజీ తిప్పే చెయ్యి ఉండదు కదా. అందుకే తిరగేశాం: పిల్లలు చదువుతారు, పెద్దలు వింటారు.

చదివే పిల్ల బట్టకు కనీసం మూడడుగుల దూరంలో, కాస్త ఎత్తున కూర్చోవాలి. ముక్కాలి పీట చాలు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని తల దించి చదివితే గొంతు ఒళ్లోకే పోతుంది. భుజం పక్కన పట్టుకుని, బొమ్మ జనం వైపు తిప్పి, ఓరచూపుతో చదవడం ముందు ఒకసారి అలవాటు చేయించాలి. రెండో స్థాయి కథ ఒకటి బొమ్మలు చూపించుకుంటూ చదివితే ఐదు నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. వరసగా రెండు కథలకు మించితే మాటలు మొదలవుతాయి. మొదలవనివ్వాలి. కాసేపాగి మళ్లీ ఇంకో కథ.

ఊరి బడి పిల్లలు ముందు చదివారు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు ఒకటే రాగం. దాన్ని ‘ఇంకాస్త భావంతో చదువు’ అని సరిచేయలేం, పిల్లలు బిగుసుకుపోతారు. కథలో ఎవరు మాట్లాడుతున్నారో ఆ మాటలు మాత్రం మేనత్తనో పెద్దమ్మనో ఉద్దేశించి చెప్పమంటే రాగం దానంతటదే పోయింది. కథలో మేకపిల్ల తప్పిపోయిన చోటికి రాగానే సకినం చుట్టే ఒక పెద్దమ్మ చెయ్యి ఆపి, ‘గాళ్లు అప్పుడే కట్టేసి ఉంటే అయిపోతుండె’ అంది. మిగతావాళ్లు అందుకున్నారు. చదివే పిల్ల పుస్తకం నుంచి తలెత్తి తనూ వాదించింది. ఇంతకన్నా మంచి ‘చర్చా ప్రశ్నలు’ ఎవరూ తయారు చేయలేరు.

పెద్దలకు ముందే చెప్పి ఉంచాల్సింది ఒక్కటే: కథ అయ్యాక ‘ఇందులో నీతేంటి?’ అని అడగొద్దు. ‘ఈ మాటకు అర్థం చెప్పు’ అని కూడా వద్దు. ఆ రెండు ప్రశ్నలు పడిన చోట తర్వాతి పిల్ల చదవడానికి ముందుకు రాదు. హైదరాబాద్ పిల్లలు తడబడితే పక్కనున్నవాళ్లు ఆ మాట అందించి వదిలేయాలి. ‘తెలుగు కూడా రాదా’ అనే మాట ఎవరి నోటి నుంచీ రాకుండా చూడటం ఈ మొత్తంలో కష్టమైన పని. ఒకే పుస్తకాన్ని ఇద్దరికి ఇస్తే ఈ ఇబ్బంది సగం తగ్గుతుంది: ఊరి పిల్ల ఒక పేజీ, హైదరాబాద్ పిల్లాడు ఒక పేజీ. అవతలివాళ్లు చదివింది విని ఉంటాడు కాబట్టి రెండోసారి చదివేటప్పుడు పేజీలు మార్చుకోవచ్చు.

ఆరేళ్లు దాటిన పిల్లలకు చుట్టడం కూడా నేర్పొచ్చు, కానీ పుస్తకం పట్టుకున్న చెయ్యి పిండిలోకి, పిండి చెయ్యి పుస్తకంలోకి పోకూడదు. ఈ పూట చదివేవాళ్లు చుట్టరు, చుట్టేవాళ్లు చదవరు. మారాలంటే సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని మారాలి. 

నూనె పెట్టాక

బట్ట తడిని పీల్చుకుని సకినాలు కాస్త గట్టిపడ్డాక, పల్చటి పళ్లెంతో లేపి పల్లి నూనెలో వేస్తారు. త్వరపడితే విరుగుతాయి. తడి ఎక్కువున్నా, పిండిలో ఉండలున్నా నూనెలో పేలుతాయి కూడా. బయట కట్టెల పొయ్యి, నేల మీద కడాయి. పిల్లలెవరూ అక్కడ ఉండకూడని గంట ఇది. చిన్నపిల్లలు సరిగ్గా అప్పుడే అక్కడ చేరతారు.

ఈ గంటకు ఇంటి అటువైపు గదిలో ఆరుగురు చిన్నపిల్లలకు పెద్దవాళ్లొకరు చదివి వినిపించాలి. ఎవరు అన్నది ముందు రోజే పేరు పెట్టి తేల్చుకోవాలి. తేల్చకపోతే ఆ పని మళ్లీ వంట చేసే ఆడవాళ్ల మీదే పడుతుంది, లేదా ఎవరి మీదా పడదు, పిల్లలు పొయ్యి దగ్గర ఉంటారు. ఈ ఇంట్లో ఇద్దరు బాబాయిలు వంతులేసుకున్నారు. మొదటాయన గడగడా చదివేసి ‘అయిపోయింది, పోండి’ అన్నాడు. పొయ్యి దగ్గర వాయలు ఇంకా సగం కూడా కాలేదు. ఒక్కో పేజీ దగ్గర ఆగి బొమ్మలో ఏముందో పిల్లల్నే వెతకమంటే అదే పుస్తకం పావుగంట నడుస్తుంది. రెండో ఆయన పుస్తకం భాషను ఇంటి మాటలోకి మార్చి చెప్పాడు. చిన్నవాళ్లకు అలాగే చెప్పాలి. పెద్ద పిల్లలు చదివేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టు చదవనివ్వాలి.

ఒకరు చూపించే బొమ్మ ఆరేడుగురికి మించి కనిపించదు. ఎక్కువ మంది ఉంటే వెనకవాళ్లు లేస్తారు, ముందువాళ్లు అరుస్తారు. రెండు జట్లు చేయడమే దారి.

తినడం పుస్తకం చదువుతుండగా కాదు, అయ్యాక. ‘ఒక చేత్తో సకినం, ఒక చేత్తో పుస్తకం’ ఫొటోకు బాగుంటుంది, పుస్తకానికి బాగుండదు. నూనె మరక పడితే వెంటనే రుద్దకూడదు, రుద్దితే లోపలి పేజీలకు పాకుతుంది. మరకకు రెండువైపులా మెత్తటి కాగితం పెట్టి అద్ది, పైన టాల్కం పౌడరో మెత్తని చాక్‌పీసు పొడో చల్లి, బరువు పెట్టి రాత్రంతా వదిలేస్తే చాలావరకు పీల్చుకుంటుంది. బెల్లం పాకం తగిలితే తడిగుడ్డతో వెంటనే తుడవాలి, తెల్లారేదాకా ఆగితే చీమలు పేజీని వదలవు.

ఇంకో జాగ్రత్త. నువ్వులు, పల్లీలు కొందరు పిల్లలకు పడవు. బయట నుంచి వచ్చిన పిల్లల తల్లిదండ్రుల్ని ముందే అడగాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి సకినం, గుండు పల్లీలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. సకినాన్ని విరిచి, చిన్న ముక్కలు చేసి, కూర్చోబెట్టి తినిపించాలి.

నాయనమ్మ కొలత పుస్తకం

‘చూసి వేస్తా బిడ్డా, కొలతేముంది.’ ప్రతి ఇంట్లోనూ ఇదే జవాబు. మళ్లీ మళ్లీ అడిగితే విసుగొస్తుంది, చెప్పిన కొలత కూడా నమ్మదగ్గది కాదు. చెయ్యి చేసే పని నోటికి రాదు. దారి సులువు: ఆమె వాడే నువ్వుల డబ్బా, వాము డబ్బా, ఉప్పు డబ్బా, నీళ్ల చెంబు పని మొదలయ్యే ముందు వంటింటి కాటాలో తూచి రాసుకోవాలి. అయ్యాక మళ్లీ తూచాలి. తేడాయే కొలత. ఆమెను ఆపాల్సిన పనిలేదు. తూచడం పదకొండేళ్ల పిల్ల చేసింది, రాయడం హైదరాబాద్ పిల్లాడు. డబ్బాతో సహా తూచామా, లేకుండానా అన్న గందరగోళం తప్పకుండా వస్తుంది. ప్రతిసారీ డబ్బాతోనే, మూత తీసేసి తూచాలని ముందే నియమం పెట్టుకోవాలి.

ఆ కొలతలతో పిల్లలే బొమ్మల పుస్తకం చేశారు. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి ఒకదాన్లో ఒకటి పెడితే 16 పేజీలు. మడత మీద మూడు రంధ్రాలు, లావు దారంతో సూదికుట్టు: నడిమి రంధ్రంలోంచి లోపలికి, పై రంధ్రంలోంచి బయటికి, కింది రంధ్రంలోంచి లోపలికి, మళ్లీ నడిమిలోంచి బయటికి, ముడి. కుట్టకముందే బొమ్మలు వేస్తే ఏ పేజీ తర్వాత ఏది వస్తుందో తారుమారవుతుంది. ముందు కుట్టి, పెన్సిల్‌తో పేజీ నంబర్లు వేసి, అప్పుడే మొదలుపెట్టాలి. పేజీకి ఒకే పని, రెండు వాక్యాలు, అవి కూడా నాయనమ్మ అన్నట్టుగానే. ఆమె మాటలు ఫోన్లో రికార్డు చేసి, విని రాశారు. పెద్దవాళ్లు కూర్చుని వాటిని ‘మంచి తెలుగు’లోకి దిద్దబోయారు, దిద్దనివ్వలేదు. చేతి వేళ్లు ఎలా కదులుతాయో గీయడం పిల్లలకు రాదు. ఆ ఒక్క పేజీకి నాలుగు ఫొటోలు అంటించారు.

పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి ప్రతి పేజీ ఫొటో తీసి పీడీఎఫ్ చేస్తే మెల్‌బోర్న్‌కూ చేరుతుంది, ఇక్కడా మిగులుతుంది. అసలు పుస్తకం నాయనమ్మ దగ్గరే ఉంచాలి. ఊళ్లో ఉంటే వచ్చినవాళ్లంతా చూస్తారు.

డబ్బాలతో పాటు

సకినాలు, గారెలు, అప్పాలు స్టీలు డబ్బాల్లో ఇంటింటికీ పోతాయి. వాటితో పాటు ఒక్కో పుస్తకం పంపితే పిల్లలున్న ప్రతి ఇంటికీ పుస్తకం చేరుతుంది. కానీ ఒకే సంచిలో పంపొద్దు, వేడి డబ్బా కారిన నూనె పుస్తకం తాగేస్తుంది. పుస్తకానికి వేరే బట్టసంచి ఉండాలి.

డబ్బాలు తిరిగొస్తాయి, పుస్తకాలు రావు. డబ్బా మీద పేరు చెక్కి ఉంటుంది, ఖాళీగా తిరిగిస్తే బాగుండదని అందులో ఏదో ఒకటి పెట్టి పంపుతారు. పుస్తకానికి ఆ మర్యాద అలవాటు లేదు. లోపలి అట్ట మీద ఇంటిపేరు పెద్దగా రాసి, ‘చదివాక ఇంకో పుస్తకానికి మార్చుకోండి’ అని చిన్నపిల్లల చేతిరాతతోనే రాయిస్తే కొంత పని చేసింది. అడగడానికి పెద్దలు మొహమాటపడతారు, పిల్లల్ని పంపితే తెచ్చేస్తారు. చదవడం రాని పిల్లలకు కూడా తెలిసేలా ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో గోడ కాగితం మీద గుర్తులతో పెట్టాం: వేపచెట్టు ఇల్లు, పసుపు గేటు ఇల్లు, బర్రెల ఇల్లు.

కొన్ని ఇళ్లకు తిండి డబ్బా పోవడానికి కులం అడ్డొస్తుంది. ఎవరూ పైకి అనరు, డబ్బా మాత్రం అలాగే ఉండిపోతుంది. పుస్తకానికి ఆ అడ్డు తక్కువ. పిల్లలు దాన్ని పట్టుకుని నేరుగా లోపలికి వెళ్లిపోతారు. ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయినవాళ్లు పిండివంటలు చేసుకోరు, చుట్టాలూ ఇరుగుపొరుగూ పంపుతారు. అలాంటి ఇళ్లకు ముందు పంపాలి. సెలవుల్లో ఆ ఇంటి పిల్లలకు తోచనిది కూడా ఎక్కువే.

మెల్‌బోర్న్ పిల్లల సామానులో సకినాలుంటే విమానంలో ఇచ్చే కార్డులో తిండి పదార్థాలు ఉన్నట్టు తప్పనిసరిగా రాయాలి. ఆస్ట్రేలియాలో దిగాక రాయకుండా పట్టుబడితే జరిమానా పడుతుంది. పుస్తకాలకు ఆ ఇబ్బంది లేదు.

మిగిలినవి, మార్చాల్సినవి

మళ్లీ మళ్లీ అడిగినవి మాటల్లేని పుస్తకాలు, తిండి బొమ్మలున్నవి, ఒకే వాక్యం ప్రతి పేజీలో తిరిగి వచ్చేవి. అసలు తెరవనివి పేజీ నిండా అక్షరాలతో, చివర నీతి ఉన్నవి. వాటిని వచ్చేసారి తేనక్కర్లేదు. రెండు భాషల పుస్తకాలతో మెల్‌బోర్న్ పిల్లలు ఇంగ్లిష్ వైపే చదువుకున్నారు. వాళ్లకు ఇచ్చేటప్పుడు తెలుగు చదివే పిల్లతో జతగా ఇస్తేనే ఉపయోగం.

పుస్తకాలు వంటింటి అటక మీద పెట్టొద్దు, పొగ, జిడ్డు, ఎలుకలు అన్నీ అక్కడే. గాలి ఆడే బీరువాలో, వేపాకు కాకుండా (అది ఎండి పేజీల మధ్య మరక చేస్తుంది) నాఫ్తలిన్ ఉండలు గుడ్డలో చుట్టి, పిల్లలకు అందని పై అరలో పెట్టాలి. వేసవిలో ఇదే పద్ధతి మామిడికాయ తొక్కు పెట్టే రోజున వాడాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోవాలి: కారం గాల్లోకి లేస్తుంది, చదివేవాళ్లకు దగ్గు. ముక్కలు కొట్టి, తుడిచి, ఆరబెట్టే పొద్దుటి పూటే పుస్తకాలు తీయాలి, కారం కలిపే వేళకు పిల్లల్ని అవతలి గదికి పంపేయాలి.